ముక్కున్న ఇంజను

తెలీబంధా చెరువు పక్కనుంచి ధమ్తరీ వెళ్లే సన్నపట్టాల చిన్నబండికి పొద్దున్నే వంటల వాసన పట్టడం అలవాటు. ఎండుచేపలు వేగుతుంటే పరుగు పెంచేది, బెల్లం పాకం పడుతుంటే నెమ్మదించేది. లైను పక్క క్వార్టర్లలోని తెలుగు ఆడవాళ్లు దాని నడక చూసి ఎవరింట్లో ఏం వంటో చెప్పేసేవారు.

ఆ ఇంజను డ్రైవరు సత్తిరాజు. విశాఖపట్నం రేవులో పనిచేసే స్నేహితుడు, ఓడలో వచ్చిన వెనిల్లా తీగముక్క ఇస్తే తెచ్చి పెరట్లో జామచెట్టుకి పాకించాడు. మూడేళ్లకి పూసింది. పువ్వు విచ్చుకునేది ఒక్క పూటే. దాని పుట్టిల్లు మెక్సికో, అక్కడి తేనెటీగ మాత్రం వెంట రాలేదు. ఈగ చేయాల్సిన పని సత్తిరాజే చేశాడు, తుమ్మముల్లుతో ప్రతి పువ్వుకీ పుప్పొడి అద్ది. తొమ్మిది నెలలు ఆ కాయల్ని కంటికి రెప్పలా చూసుకున్నాడు.

ఒకరోజు ఇంట్లో కూర లేక అతని భార్య రమణమ్మ ఆ పచ్చికాయలు కోసి, నువ్వుల పొడి జల్లి వేపుడు చేసేసింది. చూడ్డానికి అచ్చం బొబ్బరికాయలే మరి, వాసనా పాడూ లేదు.

"ముక్కులేనిదానా! నా ఇంజనుకున్నపాటి ముక్కు నీకు లేకపోయిందేటే?"

కంచం తోసేసి సత్తిరాజు, డ్యూటీ దిగిన డ్రైవర్లు పడుకునే రన్నింగ్ రూముకి మకాం మార్చేశాడు. ఎక్కడో దూరాన ఉన్న నైన్‌పూర్‌కి బదిలీ కూడా అడిగాడు. రోజూ ఇంటి పెరటి పక్కనుంచే బండి నడిపినా తల తిప్పేవాడు కాదు.

ఆకుల చాటున నాలుగు కాయలు మిగిలాయి. పచ్చికాయకి వాసన రావాలంటే ఎలా మగ్గబెట్టాలో మొగుడు రోజూ వల్లించిన పాఠం రమణమ్మ చెవిన పడకపోలేదు. వేడినీళ్లలో ముంచి తీసింది. పగలు ఎండబెట్టి, రాత్రిళ్లు అతని కంబళిలోనే చుట్టింది. ఆ కంబళి ముట్టుకున్నప్పుడల్లా ఏడుపొచ్చేది. కాయలు నల్లబడి మెత్తగా వంగాక డబ్బాలో దాచింది. ఇంతలో బదిలీ రానే వచ్చింది.

ఆ లైనులో అతని ఆఖరి డ్యూటీ నాటి ఉదయం, రమణమ్మ పాలు వెచ్చజేసి, కాయని నిలువునా చీల్చి, లోపలి నల్లటి గింజలు గీకి కలిపింది. తొక్క కూడా అందులోనే వేసి మూతపెట్టింది. సగ్గుబియ్యం పాయసం ఉడికాక ఆ పాలు పోసింది. ఘుమఘుమలు దొడ్డి దాటాయో లేదో, చిన్నబండి వచ్చి పెరటి ముందు ఆగిపోయింది.

"కా హోగే?" అని అక్కడి భాషలో ఏమైందని అడుగుతూ పెట్టెల్లోంచి తలలు బయటికొచ్చాయి.

"ఏటవుద్ది? రమణమ్మ పాయసం" అంది పక్కింటి సూరమ్మ.

సత్తిరాజు ఆవిరి చూశాడు, బ్రేకు చూశాడు. అన్నీ బాగానే ఉన్నాయి. చేసేదిలేక దిగొచ్చాడు. రమణమ్మ గ్లాసు అందించింది.

"నాకు ముక్కు లేదు మావా. ఎలాగుందో నీ ఇంజన్నే అడుగు."

తాగాడు. కళ్లు తడిశాయి. "బాగుంది" అన్నాడు. ఇంజను కదల్లేదు. కాసేపు చెప్పులకేసి చూసి, మెల్లగా అడిగాడు.

"రాత్రికి ఏటి కూర?"

"బొబ్బరికాయలు. బజారువి."

ఇంజను కూతపెట్టి కదిలింది. సత్తిరాజు గ్లాసుతోనే పరుగెత్తి ఎక్కాడు. నైన్‌పూర్‌కి ఇంకెవరో వెళ్లారు.