నేను కొట్టిన రెండు చుక్కలు

మా ఆవిడ అంటుంది, నాకు అద్దంలో కనిపించే నా మొహం మీద కూడా నమ్మకం లేదని. అబద్ధమేమీ కాదు. దర్జీ దగ్గర మిగిలిన గుడ్డముక్కలు అడిగి మరీ తెచ్చుకుంటాను. ఇంటికి తాళం వేశాక మూడుసార్లు లాగి చూస్తాను. అలాంటివాణ్ణి, నా ట్రాక్టర్ ఇంజన్ విప్పి మరొకరి షెడ్డులో పరిచాక కాలు మీద కాలేసుకుని కూర్చోమంటే ఎలా?

ఆ మరొకరు పరాయివాడు కాదు. మా ఆవిడకు స్వయానా అన్న, నాకు బావ. నలభై ఏళ్ళుగా పాత ట్రాక్టర్లు, పాత పికప్ బళ్ళు బాగుచేస్తున్నాడు. మంచివాడని ఊరంతా అంటుంది. ఊరంతా ఒకే మాట అంటోందంటే నాకు అక్కడే అనుమానం మొదలవుతుంది.

నా ట్రాక్టర్ నాకన్నా రెండేళ్ళు పెద్దది. దాన్ని చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. ఇరవై రెండేళ్ళు దాని మీదే దున్నాను, దాని మీదే ఇల్లు నడిచింది. లోపలి ఇనుమంతా కంపెనీ ముద్ర ఉన్న అసలు సరుకు. అందులో ఒక్క ముక్క మారిపోయినా మళ్ళీ పుట్టించలేం. ఆ ముక్కల కోసం పాత బళ్ళ పిచ్చి ఉన్నవాళ్ళు ఎంత దూరం నుంచైనా వస్తారు. నాకు తోలడం తెలుసు కానీ విప్పడం తెలియదు. అదే నా భయం.

పైగా మా బావ సొంత పికప్ ఒకటుంది. దాని తలుపులు ఒక బండివి, బానెట్ ఇంకో బండిది, గేరుపెట్టె మూడో బండిది.

"ఇందులో నీ సొంతం ఏముంది బావా?" అని ఒకసారి అడిగాను.

"హారన్," అన్నాడు.

అక్కడున్న నలుగురూ పడీపడీ నవ్వారు. నేను నవ్వలేదు. మిగతావన్నీ ఎవరెవరివో అని ఆలోచిస్తూ ఉండిపోయాను.

ఇంజన్ విప్పిన మర్నాడు పొద్దున్నే షెడ్డుకి వెళ్ళాను. డీజిలు పోసిన ట్రేలో ఇనుప భాగాలు నానుతున్నాయి. మా బావ చేతులు తుడుచుకుంటూ లేచాడు. పోయినేడాది ఎడమ కంటికి ఆపరేషన్ అయింది. అప్పటినుంచీ కళ్ళజోడుకి దారం కట్టి మెడలో వేసుకుంటున్నాడు.

"టీ తాగొస్తా బావా, కాస్త చూస్తుండు," అని వెళ్ళిపోయాడు. షెడ్డంతా నా మీద వదిలేసి.

నాకు కావలసిందీ అదే. మారిస్తే పట్టుకోవాలంటే గుర్తు ఉండాలి కదా! బల్ల మీద బావ సుత్తి, ఇనుముకి గుర్తులు కొట్టే పంచ్ ఉన్నాయి. ట్రేలోంచి చేతికి దొరికిన ఇనుప మూత ఒకటి తీశాను. అరచేయంత ఉంది, సగం గుండ్రంగా, నిండా నల్లటి జిడ్డు. అంచున ఒక్క దెబ్బ వేశాను. చిన్న చుక్క పడింది. ఇంకో మూత తీసి దానికీ ఒక చుక్క కొట్టాను. మూడోది తీయబోతుంటే గుమ్మంలో దగ్గు వినిపించింది. గబగబా అన్నీ డీజిల్లో పడేసి, ఏమీ ఎరగనట్టు చేతులు కట్టుకుని నిలబడ్డాను.

"బోర్ కొట్టిందా బావా?" అన్నాడు. నాక్కూడా ఒక టీ పట్టుకొచ్చాడు.

బుధవారానికి బిగించేస్తానన్న మనిషి బుధవారం కనబడలేదు. గురువారం వెళ్తే షెడ్డు షట్టరు సగానికి దించి ఉంది. ఇన్నేళ్ళలో పట్టపగలు ఆ షట్టరు దిగడం నేను చూడలేదు. వంగి లోపలికి వెళ్ళాను. ఇంజన్ మీద టార్పాలిన్ కప్పి ఉంది.

"ఇంకా కాలేదా?"

"కొంచెం పనుంది బావా," అన్నాడు నా మొహం చూడకుండా.

"ఏం పని?"

"ఉంది... నువ్వు ఇంటికెళ్ళు. నేను కబురు పెడతా."

ఎప్పుడూ బోల్టు బోల్టుకీ కథ చెప్పే మనిషి ఆ రోజు నోరు కుట్టేసుకున్నాడు. నా ఒళ్ళు మండిపోయింది. ఇంటికి వెళ్ళలేదు. ఎదురుగా టైర్లకు పంక్చర్లు వేసే కొట్టు ముందు కూర్చున్నాను. గంట తర్వాత బావ బయటికొచ్చాడు. అటూ ఇటూ చూసి, గుడ్డలో చుట్టిన బరువైనదేదో పికప్‌లో పెట్టుకుని బయలుదేరాడు. అరె, దొరికావురా అనుకున్నాను. సైకిలు తొక్కుకుంటూ వెనకే వెళ్ళాను. బండి వీధి చివర తిరిగి, పాత ఇనుము కొట్లూ లేత్ షాపులూ ఉన్న సందులోకి దూరింది. నేను రొప్పుతూ చేరేసరికి ఆ సందులో జనం మధ్య ఎటుపోయాడో తెలియలేదు.

శుక్రవారం మా ఆవిడతో తేల్చి చెప్పాను. "మీ అన్నయ్య నా ట్రాక్టర్ సామాను అమ్మేస్తున్నాడు."

"మీ నోట్లో మన్ను పడ! మా అన్నయ్యా?"

"నా దగ్గర రుజువుంది. పద, నీ కళ్ళముందే తేలుస్తా."

నేనెక్కడ గొడవ పడతానో అని తనూ చెప్పులేసుకుని వచ్చింది.

షెడ్డు లోపల మా బావ ముక్కాలిపీట మీద కూర్చుని పానాలు ఒక్కొక్కటే తుడిచి పెట్టెలో సర్దుతున్నాడు. చెల్లెల్ని చూసి లేవబోయి, మళ్ళీ కూర్చున్నాడు. నేను నోరు తెరిచేలోగా తనే అన్నాడు.

"వచ్చారు, మంచిదైంది. బావా, నీ ట్రాక్టర్ ఇంకెవరికైనా ఇచ్చెయ్. నేను పని మానేస్తున్నా."

"అదేంటన్నయ్యా?"

టార్పాలిన్ తీశాడు. నాలుగు ఇనుప కడ్డీలు, వాటి పక్కన నాలుగు మూతలు, తళతళలాడేలా తుడిచి వరసగా పెట్టి ఉన్నాయి. నా సామానే. ఒక్కటీ ఎక్కడికీ పోలేదు.

"విప్పేటప్పుడు ప్రతి కడ్డీకీ దాని మూతకీ చుక్కలు కొడతామమ్మా," అన్నాడు చెల్లెలితో. "ఒకటోదానికి ఒకటి, రెండోదానికి రెండు, అలా నాలుగు దాకా. దేని మూత దానికే పడాలి. మారితే ఇంజన్ తిరగదు, పట్టేస్తుంది. నలభై ఏళ్ళుగా కొడుతున్నా. కడ్డీలకి సరిగ్గానే కొట్టా. మూతలు చూడు. రెండు చుక్కలవి రెండున్నాయి. నాలుగు చుక్కలవి రెండున్నాయి. ఒకటీ లేదు, మూడూ లేదు."

జిడ్డు పోయాక ఇప్పుడు అన్నీ కనిపిస్తున్నాయి. వాడి చుక్కల పక్కనే, వాడి పంచ్‌తోనే కొట్టిన నా చుక్కలు.

"బిగిస్తే తిరగలేదు. విప్పి మార్చి బిగించా. నాలుగు రోజులు ఇదే పని. ఎవరైనా చూస్తే నవ్వుతారని షట్టరు దించుకున్నా. ఆఖరికి లేత్ షాపుకి పట్టుకెళ్ళి వాడి చేత కొలిపించుకొచ్చా. నా పని నేను చేసుకోలేక! ఒకటి నుంచి నాలుగు లెక్కపెట్టలేని కళ్ళతో ఇంకొకళ్ళ బళ్ళు ముట్టుకోకూడదమ్మా. రేపు ఏ బ్రేకులో తప్పు చేస్తానో."

"మధ్యలో ఎవరైనా ముట్టుకున్నారేమో అన్నయ్యా?" అంది మా ఆవిడ.

"ఎవరే ముట్టుకునేది? నేను టీకి వెళ్ళినప్పుడు కూడా మీ ఆయన్నే కాపలా పెట్టి వెళ్ళా."

మా ఆవిడ నెమ్మదిగా నా వైపు తిరిగింది. ముప్పై ఏళ్ళ కాపురం, నా మొహం చదవడం తనకి కొత్త కాదు. నోరు మూసుకుని ఇంటికి వెళ్ళిపోవచ్చు అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను, సిగ్గు విడిచి చెబుతున్నా. కానీ ఆ పానాల పెట్టె సగం నిండి ఉంది.

"ఆ చుక్కలు నేను కొట్టాను బావా," అన్నాను.

"ఏ చుక్కలు?"

"ఒకటోదానికి ఒకటి, మూడోదానికి ఒకటి. నువ్వు టీకి వెళ్ళినప్పుడు. నీ కళ్ళకేం కాలేదు."

బావ కళ్ళజోడు పెట్టుకుని మూతల్ని వేలితో తడిమి చూశాడు. చూసి పెద్దగా నవ్వాడు. "ఓరి నీ! నాలుగు రోజులు చంపావు కదయ్యా! నా కళ్ళు బాగానే ఉన్నాయన్నమాట!" కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వి, తుడుచుకుంటూ అడిగాడు, "సరే గానీ, ఎందుకు కొట్టావు?"

ఏదైనా కల్లబొల్లి మాట చెబుదామంటే నాలుక తిరగలేదు.

"గుర్తు కోసం. నువ్వు సామాను మార్చేస్తావేమోనని."

వాడి నవ్వు ఆగిపోయింది. మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వాడు నన్ను తిడితే బాగుండేది. పెట్టెలోంచి పానాలు తీసి మళ్ళీ బల్ల మీద వరసగా పెట్టాడు. మూతల మీద నా చుక్కలు రెండూ ఆకురాయితో అరగదీశాడు. సోమవారానికి ట్రాక్టర్ స్టార్ట్ చేసి ఇచ్చాడు. ఇంజన్ ఒక్క తిప్పుకే అందుకుంది. ఇన్నేళ్ళలో అంత సాఫీగా ఎప్పుడూ ఆడలేదు.

ఇప్పటికీ షెడ్డుకి వెళ్తాను. బావా అనే పిలుస్తాడు, నాక్కూడా టీ తెస్తాడు. కాకపోతే టీకి వెళ్ళే ముందు నానబెట్టిన ట్రేని రెండు చేతులా ఎత్తి లోపలి గదిలో పెట్టి తాళం వేసుకుంటాడు. వేశాక ఒకసారి లాగి చూస్తాడు. నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఆయన వచ్చేదాకా బల్ల మీద కదలకుండా కూర్చుంటాను.