ఎంగిలినీళ్ళ బ్రేకు

తాను దూర సందు లేదు, మెడకో డోలు అన్నారు పెద్దలు. మన డ్రైవింగ్ మాష్టారు డోలుతో సరిపెట్టుకోలేదు, ఏకంగా ఇంటినే అరువు తెచ్చి తగిలించుకున్నాడు. మంచం, పొయ్యి, కుళాయి, ఆఖరికి మరుగుదొడ్డి కూడా లోపలే ఉన్న ఇంత లావు వ్యాన్. కారవాన్ అంటారట దాన్ని. టైలరమ్మ మాత్రం మొదటి రోజు నుంచీ ఇల్లుబండి అనే అంది, అదీ ముక్కు విరుస్తూ.

టైలరమ్మ ఎవరనుకున్నారు, మాష్టారి పెళ్ళామే. వీధి మూల మీద ఆవిడకో కుట్టు దుకాణం ఉంది. రెండు మెషిన్లు, అంచులు కుట్టే ఓవర్‌లాక్ ఒకటి, గోడ నిండా దారపు కండెలు, పొద్దుటి ఎండ తిన్నగా కత్తిరింపు బల్ల మీద పడే కిటికీ. ఆ వీధిలో ఎవరి నడుము ఎంతో, ఎంతని బొంకుతారో ఆవిడకు తెలుసు. పొద్దున షట్టరెత్తితే చాలు, ఇంట్లో మాష్టారనే మనిషి ఒకడున్నాడన్న సంగతి సాయంత్రం దాకా గుర్తుకు రాదు. అంత సుఖం ఆ దుకాణం.

మాష్టారు రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక కారవాన్ సంఘంలో చేరాడు. చేరినవాడు చేరినట్టు ఉన్నాడా?

"ఏమే, ఆ దుకాణం అమ్మేద్దాం. సొంత బండి కొనుక్కుందాం. ఇక చచ్చేదాకా తిరుగుడే తిరుగుడు!" అన్నాడు.

"చూద్దాం లెండి," అంది టైలరమ్మ.

మొగుడి మొహాన కాదు అని కొట్టలేక అన్న మాట అది. ఆయన దాన్ని పట్టుకుని "మా ఆవిడ ఎగిరి గంతేసింది" అని వీధంతా టముకు వేశాడు. కొనేవాడు కూడా తయార్. ఇంకెవరు, సంఘం ప్రెసిడెంటే. ఆ మూల మీద తన కారవాన్ల ఆఫీసు పెడతాడట. వసంతంలో సముద్రం ఒడ్డమ్మట సంఘం యాత్ర ఉంది. మొగుడూ పెళ్ళాలిద్దరూ ప్రెసిడెంటు బండిలోనే సరదాగా తిరిగి, చివరి మజిలీలో టైలరమ్మ నోటితో సరే అంటే మాట ఖాయం. బయల్దేరే రోజు వచ్చేసింది గానీ, "కాదు" అన్న రెండక్షరాలు మాత్రం ఆవిడ గొంతులో విరిగిన సూదిలా అలాగే ఉండిపోయాయి.

బండి అప్పగించడానికి ప్రెసిడెంటు స్వయంగా వచ్చాడు. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, తెల్ల టోపీ. పొట్టను బెల్టు మీద కూర్చోబెట్టి, నడుము సన్నమని నమ్మించే రకం. టైలరమ్మ టేపు తియ్యకుండానే కొలిచేసింది.

"ఇటు చూడు చెల్లెమ్మా, ఇదంతా నా సొంత బుర్ర," అన్నాడు పక్క సీటు ముందున్న పెడల్ చూపించి. "అంట్లు కడిగిన నీళ్ళన్నీ అడుగున ట్యాంకులోకి పోతాయి. మజిలీలో మురుగుకాలవ దగ్గర ఆపి, దీని మీద కాలేస్తే చాలు. మోటారు తిరుగుద్ది, వెనక గొట్టంలోంచి అంతా బయటికి. చేతికి మురికి అంటదు."

"దూరం పడతాయా అన్నయ్యగారూ?"

"దూరమా? ఫైరింజనే అనుకో!"

మాష్టారు ఇదేమీ వినలేదు. బయట ప్రెసిడెంటు భార్యకు స్టీరింగ్ ఎలా పట్టుకోవాలో గాల్లో చూపిస్తున్నాడు. అడిగిందా ఆవిడ? అడగలేదు. అడగని వాళ్ళకు నేర్పడమే కదా ఆయన బతుకు.

బయల్దేరారు. ఒక పక్క కొండ, ఒక పక్క సముద్రం, మధ్యలో పాములా మెలికలు తిరిగే రోడ్డు. కొండంతా కొత్త చిగుళ్ళు, పొదల నిండా పసుప్పచ్చ పూలు, నీళ్ళ మీద ఎండ తళతళలు. సంఘం జనం చూస్తే కదా! ప్రతి మలుపులోనూ బారుగా ఆగడం, సముద్రానికి వీపు పెట్టి పళ్ళికిలించి ఫోటో దిగడం, మళ్ళీ ఎక్కడం. ఇంత దూరం వచ్చి సముద్రానికి వీపు చూపించే మనుషుల్ని టైలరమ్మ మొదటిసారి చూసింది.

ఇక మాష్టారి తోలడం. జీవితమంతా పక్క సీట్లో కూర్చుని, పాఠాలు చెప్పే కార్లో ఉండే రెండో బ్రేకు మీద కాలేసి, పక్కవాణ్ణి తిట్టిన మనిషి. అసలు స్టీరింగ్ పట్టుకుని ఎన్నాళ్ళయిందో ఆయనకే తెలీదు. ఎదుటివాడి తప్పు కనిపిస్తే తప్ప ఆయనకు కాలూ చెయ్యీ ఆడవు. మొదటి ఎత్తు మీద "గేరు మార్చవయ్యా!" అని గట్టిగా అరిచి, మార్చాల్సింది తనే అన్న సంగతి మర్చిపోయాడు. బండి నడిరోడ్డు మీద గుక్క పట్టి ఆగిపోయింది. వెనక హారన్ల మోత.

"దిగండి," అంది టైలరమ్మ.

"నువ్వా? ఇంత బండా?"

"నాకు లైసెన్సు ఇప్పించింది మీరే కదా. దిగండి, జనం మన వంశాన్ని తలుచుకుంటున్నారు."

ఆవిడ స్టీరింగ్ పట్టుకుంది. ఆయన పక్క సీట్లో పడి, హమ్మయ్య, మళ్ళీ మాష్టారైపోయాడు. "అద్దం చూడు. అటు చూడు. ఇటెందుకు చూస్తావే, అటు చూడు!" కాసేపటికి ఎదురుగా ఓ లారీ వచ్చింది. ఆవిడ తనపాటికి తాను నెమ్మదించే లోపే ఆయన పాత అలవాటున కాలెత్తి ధన్‌మని నొక్కాడు.

అడుగున ఏదో గుర్రుమంది. టైలరమ్మ అద్దంలోకి చూసింది. వెనక గొట్టంలోంచి పొద్దుటి కాఫీ గిన్నెల నీళ్ళు వాన విల్లులా లేచి, ఖాళీ రోడ్డు మీద పడ్డాయి.

"చూశావా! నేను బ్రేకు వేశాను కాబట్టి బతికి బట్టకట్టాం!" అన్నాడు మాష్టారు చెమట తుడుచుకుంటూ.

"మీరు లేకపోతే ఏమైపోదునో," అంది టైలరమ్మ.

ఆ మధ్యాహ్నమంతా ఆయన మరో రెండు మూడు సార్లు ఇద్దరి ప్రాణాలూ కాపాడాడు. పాపం రోడ్డు మీద వాలిన పక్షులు తడిసి ఎగిరిపోయాయి. నోరు తెరిచి చెబుదామనుకుంది ఆవిడ. అంతలో ఆయన ఫోన్లో ప్రెసిడెంటుతో అంటున్నాడు: "దుకాణమా సార్? ఇక మీదే అనుకోండి. మా ఆవిడా? దానికి తెలిసిందేముంది, నేను ఎంతంటే అంత."

ఆవిడ నోరు మూసుకుంది.

ఆ సాయంత్రం ఆవిడ కూరగాయల సూప్ చేసింది, గిన్నె నిండా. మాడ్చింది కూడా. గుడ్ల పెనం, నూనె మూకుడు, సూప్ గిన్నె అన్నీ తీరిగ్గా, ధారాళంగా కడిగింది. ట్యాంకు నిండిందని ఎర్ర దీపం వెలిగితే, దాని మీద చేతిగుడ్డ కప్పింది.

మర్నాడు చివరి మజిలీకి బయల్దేరేటప్పుడు ప్రెసిడెంటు టాపు లేని జీపెక్కాడు. జీపు అతని భార్య తోలుతుంటే తను నిలబడి, ఫోన్ పైకెత్తి వీడియో తీస్తాడట, సంఘంలో కొత్తగా చేరిన జంట ఆనందాన్ని. "చెల్లెమ్మా, మీ వెనకే వస్తాం!" అన్నాడు.

"రండి అన్నయ్యగారూ. మరీ దూరంగా ఉండకండి, వీడియో బాగా రాదు."

తిన్నని రోడ్డు. ఎదర మలుపు కనిపిస్తోంది. జీపు దగ్గరగా వచ్చింది. ప్రెసిడెంటు గొంతు గాల్లో తేలి వస్తోంది: "మిత్రులారా, స్వేచ్ఛ అంటే ఇదీ!" టైలరమ్మ వేగం తగ్గించాల్సిన చోట రవ్వంత ఆలస్యం చేసింది, అంతే.

"బ్రేకు! ఏమే, బ్రేకు!" మాష్టారు రెండు కాళ్ళూ ఎత్తి పెడల్ మీద నిలబడ్డంత పని చేశాడు.

ప్రెసిడెంటు ఇంకేదో చెప్పడానికి నోరు తెరిచాడు. తెరిచిన నోరు తెరిచినట్టే ఉండగా సూపూ గుడ్డూ నూనే అన్నీ ఒక్క దెబ్బన అందాయి.

మజిలీలో అందరూ దిగేసరికి ఆయన టోపీ మీద క్యారెట్ ముక్క ఉంది. తెల్ల బట్టలు ఏ రంగులోకి దిగాయో చెప్పడం టైలరమ్మ వృత్తికే అవమానం. ఆయన భార్య జీపు అద్దం చాటున దాక్కుని నవ్వుతోంది.

"ఎవరయ్యా ఆ పెడల్ నొక్కింది?" అని గర్జించాడు ప్రెసిడెంటు.

"పెడలా? నేను బ్రేకు కదా..." మాష్టారు కాళ్ళ వైపు చూసుకున్నాడు. ఆయన మొహం ఉతికిన చొక్కాలా ముడతలు పడింది.

ఇంక కొనడు, పీడ విరగడైంది అనుకుంది టైలరమ్మ. కుర్చీ లాక్కుని సముద్రం వైపు కూర్చుంది. గాలి హాయిగా ఉంది. అలా ఓ టీ తాగిందో లేదో, ప్రెసిడెంటు స్నానం చేసి, సెంటు కొట్టుకుని, అంతకన్నా తెల్లని చొక్కా వేసుకుని నవ్వుకుంటూ వచ్చాడు.

"జరిగిందేదో జరిగింది చెల్లెమ్మా. ఇంతోటి దానికి మాట తప్పుతామా? మూల దుకాణం సంగతి ఖాయం చేసేద్దాం. ఏమంటావు?"

టైలరమ్మకు అసహ్యం వేసింది. మొహాన ఎంగిలినీళ్ళు కొట్టినా తుడుచుకుని బేరానికొచ్చే వాడి ముందు ఏ కొంటెతనం పనిచేస్తుంది? ఆ వెనకే ఇంకో అసహ్యం, ఈసారి తన మీదే. ఇన్నాళ్ళూ ఒక్క మాట అనలేక, సూపు మాడ్చి, దీపం మీద గుడ్డ కప్పి, మొగుడి కాళ్ళతో వేరేవాడి మొహాన నీళ్ళు కొట్టించింది తను. ఏం ఘనకార్యం!

"దుకాణం అమ్మను," అంది.

"అదేమిటే?" అన్నాడు మాష్టారు.

"అమ్మను అంటున్నాను. ఇవాళ కాదు, ఎప్పుడూ కాదు. ఈయనకు మాటిచ్చింది మీరు. షట్టరెత్తేది నేను. ఇంకోటి, ఆ పెడల్ సంగతి నాకు మొదటి రోజే తెలుసు. కావాలనే తొక్కించాను."

సంఘం జనం ఫోటోలు దిగడం ఆపేశారు. ప్రెసిడెంటు నవ్వు పెదాల మీదే ఆరిపోయింది.

"ఎలాంటి ఆడదయ్యా ఇది!" అన్నాడు మాష్టారితో. "రెండు తగిలించి దారిలో పెట్టుకోవాల్సింది పోయి..."

"సార్, ఆవిడ తోలింది బాగానే తోలింది," అన్నాడు మాష్టారు నేల చూపులు చూస్తూ. "తొక్కింది నేను." పెళ్ళయినప్పటి నుంచీ పెళ్ళాన్ని మెచ్చుకున్నది అదొక్కసారే, అదీ ఇలా నసుగుతూ.

ప్రెసిడెంటు విసురుగా వెళ్ళిపోయాడు. మాష్టారు వచ్చి పక్కన నిలబడ్డాడు.

"మరి నేను పొద్దస్తమానం ఏం చెయ్యనే?" అన్నాడు. తిట్టు లేదు, అరుపు లేదు. బడి వదిలేసినా ఇంటికి తీసుకెళ్ళేవాళ్ళు రాని పిల్లాడిలా అడిగాడు.

టైలరమ్మకు జాలి వెయ్యలేదని కాదు. వేసింది, చిటికెడు.

"ఆ సంగతి మీరు చూసుకోవాలి. నా దుకాణం అమ్ముకుని చేసేది మాత్రం కాదు," అంది. ఫోన్ తీసి, కోటు కుట్టమని ఇచ్చిన లెక్చరరమ్మకు చేసింది. "రేపు దుకాణం తెరుస్తున్నానండీ. ఒకసారి వేసి చూసుకుందురు గాని, రండి."

సంచి సర్దుకుని రోడ్డు మీదికి వచ్చి నిలబడింది. బస్సు వచ్చింది. ఎక్కింది. బస్సు కదలబోతుంటే మాష్టారు బండి తాళాలు ప్రెసిడెంటు టేబుల్ మీద పడేసి, చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

"రెండు ఇవ్వండి," అన్నాడు కండక్టరుతో ఆయాసపడుతూ. పక్కన కూర్చునే ధైర్యం లేక వెనక సీట్లో కూర్చున్నాడు.

ఆవిడ తిరిగి చూడలేదు. కిటికీలోంచి సముద్రాన్నీ, పూల కొండనీ తీరిగ్గా చూసింది. రేపు దుకాణంలో ఆయనకో కుర్చీ వెయ్యాలా, గుమ్మం దగ్గర నుంచే పంపించెయ్యాలా అన్నది ఆవిడ ఇంకా తేల్చుకోలేదు.