తువ్వాలు కింద నూనె ప్యాకెట్టు

మా ఆయన భుజం మీది తువ్వాలును మసిగుడ్డ చేద్దామని నేను ఎన్నిసార్లు అనుకున్నానో లెక్కలేదు. ఎద్దు చెమట, బీడీ పొగ, సంత దుమ్ము కలిసి అదొక రకం వాసన. ఉతకడానికి ఇవ్వడు. ఉతికితే దాంట్లో ఉన్న చేతివాసి పోతుందంట. ముప్పై ఏళ్ళుగా ఎమ్మిగనూరు సంతలో ఎద్దుల దలాలి ఆయన, పేరు దుర్గప్ప. అమ్మేవాడి చెయ్యి, కొనేవాడి చెయ్యి ఆ తువ్వాలు కిందే కలుస్తాయి. నోరు విప్పకుండా వేళ్ళు పట్టి, నొక్కి ధర చెప్పుకుంటారు. చుట్టూ నలభై మంది నిలబడినా ఎంతకు కుదిరిందో ఒక్కడికీ తెలియదు. కుదిరాక మాట మార్చకూడదు. లోపల ఏం జరిగిందో బయట చెప్పకూడదు. ఆయన నోట్లో దాగేది ఆ ఒక్క విషయమే, మిగతావన్నీ ఊరంతా చాటి వస్తాడు.

అలా చాటినవాటిలో మా పాప ఉద్యోగం ఒకటి.

పాప జ్యోత్స్న డిగ్రీ చదివి ఆదోనిలో ఒక సూపర్ మార్కెట్టులో చేరింది. అరల్లో సామాన్ల కింద ధర చీటీలు అంటించే పని. చేరిన రోజు వాళ్ళ నాయన అడిగితే "ఆడ ధరల పని నాయనా" అంది, అంతే. ఆయన చెవిలో పడేసరికి అది ధర కట్టే పని అయ్యింది. సంతలో ధర కట్టేవాడంటే దేవుడి తర్వాత దేవుడు కదా. "నా కూతురు ఏసీలో కూసోని ఆదోనికంతా ధర కడతాండాది. నా రక్తం" అని టీ బంకు దగ్గర కనిపించినవాళ్ళందరికీ చెప్పాడు. నేను నిజం చెప్పబోతే పాపే ఆపింది. "పోనీలేమ్మా, సంతోషపడతాండాడు" అంది. సంతోషం సంగతి సరే, అబద్ధం మోసేది నేను కదా.

ఆ పనిలో ఇంకో తంటా ఉంది. ఎక్కడో ఉన్న పెద్దాఫీసు వాళ్ళు తెల్లవారుజామునే కంప్యూటర్లో ధరలు మార్చేస్తారు. మారినవాటి లిస్టు మేనేజరు ఉదయ్ టేబుల్ మీదికి వచ్చేసరికి పదిన్నర. షాపు తెరిచేది తొమ్మిదికి. ఆ గంటన్నరసేపు అరలో నిన్నటి ధర, బిల్లు కౌంటర్లో ఈరోజు ధర. తిట్లు మాత్రం చీటీలు అంటించే పిల్లకు. అప్పటికి రెండుసార్లు కౌంటర్ దగ్గర గొడవలయ్యాయి. మూడోసారి అయితే ఇంటికి పొమ్మని ఉదయ్ చెప్పేశాడు. పాప ఆ సంగతి నాకు చెప్పి, నాయనకు చెప్పొద్దంది. ఈ పని పోతే ఏముంది, మా అక్క కూతుళ్ళ వెంట గుంటూరు వైపు మిరపకాయలు తెంపడానికి పోవాలి. డిగ్రీ చదివిన పిల్ల.

అలాంటి రోజుల్లో మా తమ్ముడి మనవడి నామకరణం వచ్చింది, కౌతాళంలో. ఓళిగలకు, అదే బొబ్బట్లకు, నాలుగు ప్యాకెట్ల శనగనూనె తెమ్మని మరదలు ఫోన్ చేసింది. ఎమ్మిగనూరులోనే కొందామన్నాను. ఈయన వింటాడా.

"ఆదోని మీదనే కదా పోయేది. మన పాప ధర కట్టిన నూనె ఉండంగ వేరేవాళ్ళ నూనె ఏంటికి?" అన్నాడు.

"పని చేసే తావుకు మనం పోకూడదు. పాపకు ఇబ్బంది" అన్నాను.

"నేను పోతే ఇబ్బందా? నన్ను చూపిస్తే దానికి ఇంకా మర్యాద పెరుగుతాది" అన్నాడు. ఆ మర్యాద ఎలా పెరిగిందో చెబుతాను వినండి.

మేం షాపులోకి పోయేసరికి తొమ్మిదీ ఇరవై. లిస్టు ఇంకా రాని టైము. పాప ఎక్కడో వెనక గోడౌన్‌లో ఉంది, కనబడలేదు. ఈయన చక్రాల బుట్టను ఎద్దుల బండిలా మధ్యలో తోలుకుంటూ, నూనెల అర దగ్గర ఆపి, చీటీ చదివి మురిసిపోయాడు. నూట నలభై తొమ్మిది. "చూసినావా, ఎంత నికరంగా కట్టిందో. నూటయాభై అంటే జనం బెదుర్తారని ఒక్క రూపాయి తగ్గించింది. ఎవురు నేర్పించినారు దానికి?" అన్నాడు. నేను నాలుగు ప్యాకెట్లు తీసి బుట్టలో వేశాను.

బిల్లు కౌంటర్లో ఉన్నది ఫర్హానా, మా పాప స్నేహితురాలే. నన్ను చూసి నవ్వింది. ప్యాకెట్టును మిషన్ ముందు పెట్టగానే కీచుమంది. తెర మీద నూట అరవై మూడు అని పడింది. మా ఇద్దరి నవ్వూ అక్కడే ఆగిపోయింది.

ఈయన తెర వైపు వంగి చూశాడు. "పాపా, నీ మిషను తప్పు చెప్తాండాది" అన్నాడు.

"లేదు పెద్దనాయనా, ఈరోజు రేటు మారింది" అంది ఫర్హానా మెల్లగా.

"మారింది అంటే? అరలో ఒక మాట, ఈడ ఒక మాటనా?"

నేను రొంటిన దోపిన చిన్న సంచి తీసి, పైబడిన డబ్బులు ఫర్హానా చేతిలో కుక్కబోయాను. "బిల్లు కొట్టమ్మా, బస్సు పోతాది" అన్నాను. ఈయన నా చెయ్యి పట్టి వెనక్కి లాగాడు. "నువ్వు ఉండవే. ఇది డబ్బుల సంగతి కాదు" అని గబగబా వెనక్కిపోయి, అరకు అంటించిన చీటీని పెరుక్కొని వచ్చి కౌంటర్ మీద పెట్టాడు. దాంతోపాటు అర మీది ప్లాస్టిక్ పట్టీ కూడా మూరెడు ఊడి వచ్చింది.

"ఇది ధర. కట్టినోళ్ళు కట్టినారు. మార్చేదానికి నీ మిషనుకు ఏం హక్కు ఉండాది?"

మా వెనక లైను పెరిగింది. అందులో కౌతాళం పీరా సాబ్ ఉన్నాడు. ఇరవై ఏళ్ళ కింద ఈయన తువ్వాలు కిందే ఒక జత ఎద్దులు కొన్నవాడు. చేతిలో సబ్బుల ప్యాకెట్టు పట్టుకొని, "న్యాయమే కదా దుర్గప్పన్నా, సెప్పు సెప్పు" అని ఎగదోశాడు. ఆయనకేం పోయింది. ఇంకొకామె తన బుట్టలోని పప్పు ధర కూడా చూడమంది. ఇంకొకాయన నిన్నటి బిల్లు జేబులోంచి తీశాడు. నేను ఈయన చొక్కా పట్టుకొని లాగుతున్నాను. చొక్కా గుండీ ఒకటి ఊడి నా చేతికి వచ్చిందిగానీ మనిషి కదల్లేదు.

మేనేజరు ఉదయ్ వచ్చాడు. కోస్తా నుంచి వచ్చిన కుర్రవాడు, మెడలో టై, ముఖం నిండా నిద్రలేమి. "పెద్దాయనా, సిస్టంలో ఎంతుంటే అంతే. చీటీ పాతది" అన్నాడు.

"ధర కట్టిన పాపను పిలిపీ" అన్నాడు ఈయన, రొమ్ము విరుచుకొని. "నాకు నీతో మాట లేదు. ఆ పాప వచ్చి, నేను కట్టిన ధర ఇది కాదు అంటే, మారు మాట్లాడకుండా నూట అరవై మూడు ఇచ్చి పోతా."

"వద్దయ్యా, నీకు దండం పెడతా, పిలవొద్దు" అన్నాను. ఈయనకు వినబడితే కదా.

"పిలుస్తాను. నాకూ ఆమెతోనే పని ఉంది" అన్నాడు ఉదయ్. లోపలికి చూసి కేకేశాడు.

పాప వచ్చింది. ఒక చేతిలో చిన్న ఇనుప నిచ్చెన, మోచేతి వరకూ అంటించుకున్న ధర చీటీలు, జుట్టు నిండా అట్టపెట్టెల దుమ్ము. ఏసీలో కూర్చొని ధర కట్టే మనిషిలా ఎక్కడా లేదు. కౌంటర్ దగ్గర మమ్మల్ని చూసి ఆగిపోయింది. "నాయనా" అంది మెల్లగా.

ఉదయ్ ఆ మాట విన్నాడో లేదో. "మూడోసారి జ్యోత్స్నా. చీటీలు మార్చడం తప్ప నీకు ఇంకో పని లేదు, అదీ చెయ్యవు. బ్యాడ్జి అక్కడ పెట్టి వెళ్ళిపో" అన్నాడు.

"లిస్టు ఇంకా రాలేదు సార్" అంది పాప.

"నాకు కారణాలు వద్దు."

పాప నిచ్చెన కింద పెట్టి, చొక్కాకు గుచ్చుకున్న బ్యాడ్జి తియ్యడం మొదలుపెట్టింది. పిన్ను రావడం లేదు. నేను మా ఆయన ముఖం చూశాను. నిచ్చెన చూశాడు, చీటీలు చూశాడు, కౌంటర్ మీద తను పెరికి తెచ్చిన చీటీని చూశాడు. విరుచుకున్న రొమ్ము మెల్లగా దిగిపోయింది. నాకు కోపం, ఏడుపు రెండూ వచ్చాయి. చెప్పినా కదయ్యా, ఊర్లోనే కొందామని చెప్పినా కదా.

అప్పుడు భుజం మీది తువ్వాలు తీశాడు.

లైనులో ఉన్నవాళ్ళందరూ చుట్టూ మూగారు. పీరా సాబ్ సబ్బులు చంకలో పెట్టుకొని ముందుకు జరిగాడు. ఈయన తువ్వాలును విదిలించి ఉదయ్ కుడిచేతి మీద కప్పి, తన చేతులు లోపల పెట్టాడు. ఆ పిల్లవాడు తనను కట్టేస్తున్నారనుకొని "ఏమండీ, సెక్యూరిటీ" అన్నాడు. సెక్యూరిటీ అతను మా ఎమ్మిగనూరు మనిషే. టోపీ తీసి చంకలో పెట్టుకొని బేరం చూస్తున్నాడు.

"గుంజుకోవద్దు సార్" అన్నాడు పీరా సాబ్ మర్యాదగా. "గుంజుకుంటే బేరం ఇష్టంలేదని అర్థం. శానా అవమానం."

"ఏం బేరం? నేనేం అమ్ముతున్నాను?"

"అది తువ్వాలు లోపల తెలుస్తాది."

నేనొక సంగతి గమనించాను. ఎప్పుడైనా ఈయన లోపల పెట్టేది ఒక్క చెయ్యే. ఆ రోజు రెండూ పెట్టాడు. పీరా సాబ్ కూడా గమనించి పక్కనున్నవాడితో "రెండు చేతులు, చూసినావా? లచ్చల బేరం" అన్నాడు. నాలుగు నూనె ప్యాకెట్ల బేరానికి షాపు షాపంతా ఆగింది. ఉదయ్ ముఖం ముందు ఎర్రబడింది, తర్వాత అయోమయంగా మారింది, తర్వాత ఎందుకో తల వంచుకున్నాడు. ఈయన కళ్ళు నేల మీద ఉన్నాయి. తువ్వాలు అంచు సన్నగా కదులుతోంది. నిమిషం పట్టిందో రెండు నిమిషాలో.

ఉదయ్ తలెత్తాడు. "ఫర్హానా, నూట నలభై తొమ్మిది చొప్పునే కొట్టు. జ్యోత్స్నా, బ్యాడ్జి పెట్టుకో. వెళ్ళి పని చూసుకో."

ఈయన తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు. "కుదిరింది" అన్నాడు జనంతో.

"కుదరక ఏమైతాది, ఎవురి చెయ్యి అది" అన్నాడు పీరా సాబ్. తన సబ్బులు కూడా అరలోని చీటీ ధరకే కొట్టమని ఫర్హానా దగ్గర పేచీ మొదలుపెట్టాడు.

కౌతాళం బస్సులో నేను ఊరుకోలేదు. ఏ వేలు పట్టినావు, ఏం నొక్కినావు, పాప పని గురించి వేళ్ళతో ఎట్ల చెప్పినావు అని కండక్టరు వెనక్కి తిరిగి చూసేదాకా అడిగాను. "తువ్వాలు కింది మాట పైకి చెప్పకూడదు" అన్నాడు. ఓళిగలు తింటున్నప్పుడు అడిగినా అదే మాట.

ఆయన చెప్పకపోయినా పీరా సాబ్ ఉన్నాడుగా. వారంలో సంతంతా పాకింది. దుర్గప్ప కంపెనీ మేనేజరును తువ్వాలు కింద దించినాడంట. నరం నొక్కితే ఆ మేనేజరు అడిగిందల్లా ఇచ్చినాడంట. తమ ఆసామి చెయ్యి తువ్వాలు కింద పట్టమని కౌలు రైతులు, కరెంటాఫీసుకు రమ్మని ఒకాయన, పెళ్ళిసంబంధం మాట్లాడమని ఇంకొకాయన ఇంటికి వచ్చారు. ఇంకొకప్పుడైతే ఈయన మీసం మెలేసి కథ చెప్పేవాడు. ఆ కథ వస్తే మాత్రం గడ్డివాము వైపు చూసుకుంటూ బీడీ వెలిగించేవాడు. నాకు అదే అంతుబట్టలేదు.

పాప పని నిలబడింది. ఉదయ్ పెద్దాఫీసుతో మాట్లాడాక, లిస్టు కూడా ఇప్పుడు తెల్లవారుజామునే పాప ఫోనుకు వస్తోంది. ఆదోని బస్సులో కూర్చొని ధరలు చదువుకుంటూ పోతుంది. నెల తర్వాత ఒక సాయంత్రం, ఈయన ఇంట్లో లేనప్పుడు, కూరగాయలు తరుగుతూ అంది.

"మ్మా, ఉదయ్ సార్ ఇయ్యాల ఒక మాట చెప్పినాడు."

"ఏమంట?"

"నాయన ఆ రోజు వేళ్ళు పట్టలేదంట. ధర ఏమీ చెప్పలేదంట." కత్తిపీట మీద చెయ్యి ఆపింది. "సార్ చెయ్యి మధ్యలో పెట్టుకోని, రెండు చేతులూ జోడించి దండం పెట్టినాడంట మ్మా. తువ్వాలు లోపల. చేతులు వణుకుతానే ఉండాయంట."

నేను పొయ్యి వైపు తిరిగాను. ఆ మనిషి ఒకరికి దండం పెట్టగా నేను చూడలేదు. అప్పులవాడికి పెట్టలేదు, పోలీసుకు పెట్టలేదు, మా నాన్నకు పెట్టమంటే పెళ్ళిలోనే పెట్టలేదు. ఇంతమంది జనంలో, కూతురు ఎదురుగా, ఎవరికీ కనబడకుండా పెట్టాడు. పిచ్చి మనిషి. నేను అక్కడే నిలబడి చొక్కా పట్టుకొని లాగుతున్నాను, నాకూ కనబడలేదు. చారు పొంగిపోయేదాకా అలాగే నిలబడ్డాను.

శనివారం మధ్యాహ్నం ఈయన నిద్రపోతుంటే దండెం మీది తువ్వాలు తీసి ఉతికాను. మూడు నీళ్ళు పోసినా మట్టి దిగుతూనే ఉంది. ఆరాక మడతపెట్టి, ఆదివారం సంతకు బయలుదేరేటప్పుడు చేతికిచ్చాను. అరుస్తాడనుకున్నాను. తువ్వాలు వాసన చూశాడు, నన్ను చూశాడు.

"ఎవురన్నా ఏమన్నా సెప్పినారా?" అన్నాడు.

"తువ్వాలు కింది మాట నాకెవురు సెప్తారు?" అన్నాను. "పో, సంతకు టైమైతాంది."