దుంగ మీద దండోరా

రెల్లుపాడులో పొద్దున పూట రైసుమిల్లు సెంటర్లో ఎవరో ఒకరు చెప్పులు విడిచి, కళ్ళు మూసుకుని, కదలకుండా నిలబడి కనిపిస్తారు. కొత్తవాళ్ళు చూస్తే సూర్యుడికి దండం పెట్టుకుంటున్నారనుకుంటారు. అదేం కాదు, నీటితీరువా కట్టడానికి ఆఖరు రోజెప్పుడో వింటున్నారు.

ఆ ఊళ్ళో దండోరా వేసినచోటే ఉండిపోతుంది. డప్పు మీద మొదటి దెబ్బ పడిన దగ్గర్నుంచి ఆఖరి దెబ్బ పడేదాకా అక్కడ ఏ మాట పుట్టినా అది గాలికి కొట్టుకుపోదు. వెళ్ళి ఒట్టికాళ్ళతో కాసేపు కదలకుండా నిలబడితే మళ్ళీ వినిపిస్తుంది. ముందు కొత్తది, దాని వెనక పాతవి. ఒకసారి చేపల వేలానికి దండోరా వేస్తుంటే మధ్యలో బసవయ్యగారి గేదె అరిచింది. ఆ గేదె చచ్చిపోయి ఏళ్ళయినా, ఆ ఏటి వేలం సంగతి ఎవరు విన్నా దాని అరుపు కూడా వినాల్సిందే.

పంచాయతీ ఆఫీసులో కాగితాలు లేకపోలేదు. అవి చూడాలంటే గుమాస్తాగారు ఉండాలి, ఆయనుంటే బీరువా తాళంచెవి ఉండాలి, తాళంచెవి ఉంటే ఆయనకి మనసుండాలి. గాలికి ఇలాంటి పట్టింపుల్లేవు. వేరే ఊళ్ళలో గోడలకి చెవులుంటాయంటారు, రెల్లుపాడులో గాలికి నోరుందని జనం నవ్వుకునేవారు.

ఆ నోరు మరియదాసుది. దండోరా వేసేది అతనే. అతని భార్య శౌరమ్మ సెంటర్లో నడుస్తున్నప్పుడల్లా ఎవరో ఒకరు కళ్ళు మూసుకుని తన మొగుడి మాట వింటుంటే చూసి, పైకి విసుక్కున్నా లోపల మురిసిపోయేది. ఈ మధ్య మాత్రం తల వంచుకుని గబగబా వెళ్ళిపోతోంది.

కారణం ఓట్లు. కిందటేడు మురుగుకాలవ పొంగి, ఊరి చివర మరియదాసువాళ్ళ పాలెంలో ఇళ్ళన్నీ కూలిపోతే, గవర్నమెంటు కాలవకి అవతలి గట్టున స్థలాలిచ్చింది. పాలెం మొత్తం అటు మారింది. స్థలాలిచ్చిన గవర్నమెంటు వంతెన సంగతి మరిచిపోయింది. జనమే ఒక తాటిదుంగ తెచ్చి కాలవకి అడ్డంగా వేసుకున్నారు. పచ్చగడ్డి మోపులతో ఆడవాళ్ళు, పలకలతో పిల్లలు, జ్వరంతో ముసలివాళ్ళు, అందరూ ఆ దుంగ మీదనుంచే. వానాకాలం వచ్చిందంటే ఎవరో ఒకరు కాలవలో పడేవారు. పంచాయతీ ఎన్నికలొస్తే టైలరు జీవరత్నాన్ని నిలబెట్టి, వంతెన వేయించుకోవాలని పాలెమంతా ఒక్క మాట మీద ఉంది.

తీరా గుమాస్తాగారి మనసు కరిగిన రోజున జీవరత్నం వెళ్ళి ఓటర్ల జాబితా చూస్తే, పాలెంలో ఒక్క పేరూ లేదు. పాత ఇళ్ళు లేవని కొట్టేశారు. కొత్త ఇళ్ళు రాసుకోవడానికి ఎవరూ రాలేదు. పేర్లు చేర్చమని అర్జీ పెట్టుకునే గడువు కూడా దాటిపోయింది.

"మాకెవురు చెప్పారండీ?" అన్నాడు జీవరత్నం.

"దండోరా వేయించాంగా! పాలెంలో కూడా వేసినట్టు మీ దాసుగాడి వేలిముద్రే ఉంది, చూసుకో," అన్నాడు గుమాస్తా.

పాలెం జనం పరుగున వెళ్ళి చర్చీ దగ్గర, దండోరా వేసే చోట నిలబడ్డారు. టీకాల దండోరా వినిపించింది. దాని వెనక అంతకన్నా పాతవి. ఓట్ల మాట లేనే లేదు. అంటే మరియదాసు దండోరా వేయకుండానే వేసినట్టు వేలిముద్ర వేశాడన్నమాట! సొంత మనిషే గొంతు కోశాడని పాలెం అతన్ని వెలివేసినంత పని చేసింది. చర్చీలో శౌరమ్మ కూర్చున్న చాప మీద ఇంకొకరు కూర్చోవడం మానేశారు.

"ఏసావా లేదా? ఒక్క మాట చెప్పయ్యా," అని శౌరమ్మ అన్నం పెడుతూ అడిగింది.

మరియదాసు ముద్ద కలుపుతూ తలెత్తలేదు. "వదిలెయ్యవే."

"ఎట్టా వదిలేది? తెరేసమ్మ నన్ను చూసి మొహం తిప్పుకుపోతంది. ఏసుంటే ఏశానని చెప్పు. లేదంటే లేదని చెప్పు."

"ఏశానని చెప్పలేను. ఎయ్యలేదనీ చెప్పలేను." అంతే, కంచం ముందునుంచి లేచిపోయాడు.

ఇంతలో జీవరత్నం పెట్టిన అర్జీ మీద తాలూకా ఆఫీసు నుంచి విచారణకి రెవెన్యూ ఇన్‌స్పెక్టరు ఆర్.ఐ. గారు వస్తున్నారని కబురొచ్చింది. శౌరమ్మకి ముందు నుయ్యి వెనక గొయ్యి అయింది. పాలెంలో దండోరా వేయలేదని తేలితే అందరికీ ఓట్లొస్తాయి, తప్పుడు వేలిముద్ర వేసినందుకు మొగుడి పని పోతుంది. వేశాడని తేలితే అతని పని ఉంటుంది, పాలేనికి ఓటూ ఉండదు, వంతెనా ఉండదు. ప్రభువా, ఏది అడగాలో కూడా తెలియడం లేదని ఆమె మోకాళ్ళ మీద కూర్చుని ఏడ్చింది.

ఆర్.ఐ. మాణిక్యాలరావుగారు హనుమాన్ జంక్షన్లో బస్సు దిగి, అద్దె సైకిలు తొక్కుకుంటూ వచ్చారు. భారీ మనిషి. ఎండకి మొహం కందిపోయింది. చంకలో గొడుగుంది గానీ సైకిలు మీద దాన్ని విప్పే ధైర్యం లేదు. మునసబు వెంకటకృష్ణారావుగారు కొబ్బరిబోండాం ఇచ్చి, దగ్గరుండి రైసుమిల్లు సెంటరుకి తీసుకెళ్ళారు. ఆర్.ఐ. గారు బూట్లు విప్పి నిలబడి ఓట్ల దండోరా చక్కగా విన్నారు. పంచాయతీ రేడియో గది దగ్గరా విన్నారు.

"విన్నారుగా! ఇంక భోజనానికి పదండి," అన్నారు మునసబుగారు.

"పాలెంలో కూడా వినాలి కదండీ."

"మధ్యలో కాలవుందండీ. ఆ తాటిదుంగ మీద మీరెక్కడ దాటతారు? వాళ్ళనే ఇటు రమ్మందాం."

"వాళ్ళొస్తారండీ. ఆ చోటు రాదుగా!" అన్నారు ఆర్.ఐ. గారు, బూట్లు చేత్తో పట్టుకుని.

కాలవ గట్టున ఆ దుంగని చూడగానే ఆయన మొహంలో రంగు మారింది. దుంగ నున్నగా అరిగిపోయి ఉంది. కింద నల్లటి నీళ్ళు. మరియదాసు డప్పు భుజాన వేసుకుని దూరంగా నిలబడ్డాడు, దగ్గరికి రాలేదు. అటూ ఇటూ చూసి శౌరమ్మే ముందుకొచ్చింది. ఆయన గొడుగు తీసుకుని ఒక కొస తను పట్టుకుని, రెండో కొస ఆయనకిచ్చింది.

"కిందకి చూడమాకండి బాబుగారూ. నా వెనకాలే వచ్చెయ్యండి. ఈ దుంగ మీద ఆగకూడదండీ, ఆగితే కాలు జారుద్ది."

ఆ మాట పాలెంలో పసిపిల్లలకి కూడా తెలుసు. దుంగ మీద ఎవరూ ఆగరు. ఊపిరి బిగబట్టి, పాదాల వంక చూసుకుంటూ అవతలికి వెళ్ళిపోవడమే.

ఆర్.ఐ. గారు సగం దూరం బాగానే వచ్చారు. అక్కడ కిందకి చూశారు. అంతే, ఆయన కాళ్ళు దుంగకి అతుక్కుపోయాయి.

"పదండి బాబుగారూ!"

"కదల్లేనమ్మా," అన్నారాయన, ఏడుపు గొంతుతో.

శౌరమ్మ కూడా ఆగక తప్పలేదు. గొడుగు కొస పట్టుకుని, మెడ తిప్పడానికి కూడా భయపడుతూ అలా నిలబడింది. పాదాల కింద తాటిదుంగ మెల్లగా ఊగి, నిలిచింది.

అప్పుడు డప్పు మోగింది.

"ఇందుమూలంగా పాలెంలో యావన్మందికీ తెలియజేయడమేమనగా, ఓటర్ల జాబితాలో పేర్లు లేనివాళ్ళు..."

అది మరియదాసు గొంతే. కానీ ఎప్పుడూ సాగదీసి చెప్పే మనిషి, వెనకాల కుక్క తరుముతున్నట్టు గబగబా చెబుతున్నాడు. మాటలు ఒకదాని మీద ఒకటి పడిపోతున్నాయి. గడువు తేదీ దగ్గరికి రాకముందే ఇంకో గొంతు వినిపించింది.

"ఒరేయ్ దాసూ! ఆపరా! దుంగ మీద మొదలెట్టావేంట్రా?"

"పాలెంలోకి వెళ్ళనిచ్చేట్టు లేరు కదండీ. ఇక్కడన్నా..."

"పాలెంలో వేస్తే అందరూ ఓట్లంటూ బయల్దేరతారు. వేలిముద్ర వేశావుగా, వేసినట్టే! తిరిగిరా. నోరెత్తావంటే రేపట్నుంచి ఆ డప్పు ఇంకొకడి భుజాన ఉంటుంది."

ఆ తర్వాత ఒక మనిషి ఊపిరి మాత్రం వినిపించింది, బరువుగా. శౌరమ్మకి ఆ ఊపిరి తెలుసు. తమ బిడ్డ పోయిన నాడు కూడా అతను అలాగే ఊపిరి పీల్చాడు. చివరికి డప్పు మీద ఒక్క దెబ్బ పడింది, తప్పదన్నట్టు.

శౌరమ్మకి కళ్ళు మసకబారాయి. తుడుచుకోవడానికి చెయ్యి కదిపే ధైర్యం లేదు. ఇన్నాళ్ళూ ఈ మనిషినా తను సాధించుకు తిన్నది? అరవడానికి ప్రయత్నించాడు. ఆపితే ఆగాడు. ఆగినందుకు సిగ్గుపడి, తిట్లన్నీ మూటగట్టుకుని మోశాడు. గుండెల మీదనుంచి బండరాయి దిగినట్టయింది ఆమెకి, ఆ వెంటే అతని మీద జాలి పొంగుకొచ్చింది.

"ఏమైందండీ, అక్కడే ఆగిపోయారు?" గట్టు మీదనుంచి మునసబుగారు కేకేశారు.

"మీరు మాట్లాడుతున్నారండీ, వింటున్నాను!" అన్నారు ఆర్.ఐ. గారు.

కోపం వచ్చాక ఆయన కాళ్ళు వాటంతటవే కదిలాయి. మిగతా సగం దుంగా దాటి, చర్చీ దగ్గర నిలబడి, అక్కడ ఓట్ల దండోరా లేదని తన చెవులతో తను విన్నారు. తర్వాత మరియదాసుని పిలిపించారు.

"వేలిముద్ర ముందే వేయించుకుని, తర్వాత నిన్ను దండోరాకి పంపారా?"

"అవునండయ్యా."

"పాలెంవాళ్ళు అడిగినప్పుడు దుంగ మీద వినమని చెప్పకపోయావా?"

"ఆపమంటే ఆపేశానండయ్యా. సగంలో ఆపింది వేసినట్టవుద్దా?" మరియదాసు నేల చూపులు చూశాడు.

"నీ పనికి ఢోకా లేదు, నేను రాస్తాగా! పాలెంలో దండోరా వేయందే పాలేనికి గడువు మొదలైనట్టే కాదు. మొదలే కానిది ఎలా అయిపోతుంది? వెయ్యి ఇప్పుడు. తీరిగ్గా వెయ్యి."

మరియదాసు వేశాడు. గొంతు పెద్దగా సాగింది. ఆర్.ఐ. గారిచ్చిన కొత్త గడువు తేదీ చెప్పాక చర్చీ ముందు జనం ఒక్కసారిగా గలగలలాడారు. ఎవరో నవ్వారు, ఎవరో స్తోత్రం అన్నారు. జీవరత్నం తన మిషను ముందరి బల్ల మోసుకొచ్చి ఆర్.ఐ. గారి ముందు వేశాడు. అర్జీలు రాయడం మొదలైంది.

ఆడవాళ్ళ దగ్గరికొచ్చేసరికి పని నెమ్మదించింది. ఇంటిపేరు అడిగితే చెప్పేవారు, వాళ్ళ పేరు చెప్పేవారు. భర్త పేరడిగితే మాత్రం నోటికి కొంగు అడ్డం పెట్టుకుని పక్కామెని పొడిచేవారు. మొగుడి పేరు పెళ్ళాం నోటితో చెబితే అతని ఆయుష్షు తరిగిపోతుందని పాలెంలో అందరి నమ్మకం. పక్కామె చెబితే ఆయన రాసుకునేవారు. అలా ఒకరి మొగుణ్ణి ఒకరు చెప్పుకుంటూ వరస నడుస్తోంది.

"పేరమ్మా?"

"శౌరమ్మండీ."

"భర్త పేరు?"

పక్కన తెరేసమ్మ నిలబడి ఉంది. ఇన్నాళ్ళూ మొహం తిప్పుకున్న ఆమె, ఇప్పుడు ఆదరంగా తనే చెప్పబోయింది. శౌరమ్మ ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. నోటికి అడ్డంగా ఉన్న కొంగు తీసేసింది.

"మరియదాసండీ."

జనం గోలలో ఆర్.ఐ. గారికి వినపడలేదు. "ఎవరూ?" అన్నారు కలం ఆపి.

"మరియదాసు!" అంది శౌరమ్మ, అవతలి గట్టున ఉన్న మునసబుగారికి కూడా వినపడేట్టు.

పాలెమంతా ఆమె వైపు తిరిగింది. డప్పు భుజానికి తగిలించుకుంటున్న మరియదాసు తలెత్తి చూశాడు. పెళ్ళయి ఇన్నేళ్ళయినా, ఆమె నోట తన పేరు వినడం అతనికి అదే మొదలు.