మందు లేని తూటా

గత్సీ మా అక్క మొగుడు. వయసులో నాకంటే ఐదేళ్లు పెద్ద. అయినా ఊళ్లో అతను నా ముందు నేల మీద కూర్చుని, అరచేతులు గుల్లగా చేసి రెండుసార్లు చప్పట్లు కొట్టి, మా వంశం పేరుతో "సోకో" అని పిలిచాకే నోరు విప్పాలి. పిల్లనిచ్చినవాళ్లకు మాలో దక్కే మర్యాద అది. అడవిలో ఆ లెక్కలేమీ ఉండవు. అక్కడ అతను వేట నడిపే దొర, నేను జాడలు పట్టేవాణ్ణి, మా మధ్య పిలుపు "ముసలోడా". ఇరవై రెండేళ్లుగా ముందు నేను, నా వెనక అతని తుపాకీ.

పోయినేడు ముళ్లపొదల్లో దెబ్బతిన్న అడవిదున్న నా మీదికి వచ్చింది. పదడుగుల దూరంలో గత్సీ కాల్చిన గుండు నా కాలిపక్కన మట్టిలో దిగింది. ఆ రోజు డబ్బు కట్టి వేటకొచ్చిన అతిథి కాల్చాడు కాబట్టి ఇవాళ మీతో మాట్లాడుతున్నాను.

తూటాలు పాతబడి మందు గడ్డకట్టిందన్నాడు గత్సీ. కొత్తవి తెప్పించాడు. తర్వాతి దున్నకూ గుండు కిందికే పోయింది. ఈసారి తప్పు స్కోప్‌ది. పొదల్లో అది పనికిరాదని విప్పేసి గొట్టం మీది ఇనుప గురి మాత్రమే ఉంచాడు. అదీ కుదరక తుపాకీనే మార్చాడు, ఇంకా పెద్దది, భుజం ఊడగొట్టేది తెచ్చాడు. ఆడలేక మద్దెల ఓడు అంటే ఇదే. ఆ మోత, ఆ తన్ను ఇన్నేళ్లు తిన్న ఒళ్లు, పేలకముందే కళ్లు మూసుకుంటోంది. నాకు తెలుసు. చెప్పడానికి నోరు రాలేదు.

కొత్త అతిథులకు మొదటిరోజు ఒక పరీక్ష పెడతాం. చెట్టుకు అట్ట కట్టి కాల్చమంటాం. తూటాలు నింపేది నేను. వాటిలో ఒకటి మందు లేనిది, చూడటానికి మామూలు తూటాలాగే ఉంటుంది. అది పేలనప్పుడు గొట్టం కిందికి వాలిందా, ఆ మనిషి మోతకు భయపడుతున్నట్టే. వాళ్ల చేతికి చిన్న తుపాకీ ఇస్తాం. నామోషీ పడితే, తుపాకీ మీది సైజు నంబరు దున్న చదవదులెండి అని గత్సీయే నవ్వించేవాడు.

ఈసారి వచ్చింది డెన్మార్క్ పళ్ల డాక్టరు. మధ్యరకం తుపాకీతో నిలకడగా కాల్చి, భోంచేసి గుడారంలో పడుకున్నాడు. తెల్లారితే దున్న వేట. గత్సీ తన కొత్త తుపాకీ గురి సరిచూసుకుంటానని నా చేతికిచ్చాడు. మూడు తూటాలు నింపాను. రెండోది మందు లేనిది. అక్క మొగుడికి ఈ పని చేస్తున్నందుకు నా మీద నాకే రోత పుట్టింది. చేయకపోతే రేపు ఆ పొదల్లో ముందు నడవాల్సింది నేను.

మొదటి గుండు అట్ట కింద మట్టిలో దిగింది. ఈ తూటాలూ ఇంతేనా అని గొణిగాడు. రెండోసారి మీట నొక్కాడు. టక్కుమంది, అంతే. గొట్టం జానెడు కిందికి వాలింది. కళ్లు గట్టిగా మూసుకుని ఉన్నాడు, చాలాసేపు తెరవలేదు.

తూటా బయటికి తీసి వేళ్ల మధ్య తిప్పాడు.

"దీన్ని నేనే చేశాను కదూ," అన్నాడు.

"నువ్వే. వచ్చిన ప్రతివాడికీ పెట్టమన్నావు. నీకు పెట్టడానికే ఆలస్యం చేశాను, బావా."

"ఎప్పట్నుంచి తెలుసు?"

"పోయినేటి దున్నప్పట్నుంచి."

"తెలిసీ ముందు నడిచావా?"

"నేను మానేస్తే ఇంకొకణ్ణి పెడతావు. వాడికి తెలియదుగా."

చివరికి అనేశాను, ఇక నావల్ల కాదని. రేపు ఆ తుపాకీ అతని చేతిలో ఉంటే నేను కదలనని, ఇంకెవర్నీ కదలనివ్వనని, మా ఇద్దరిలో ఒకరి శవాన్ని అక్క ముందుకు మోసుకెళ్లే ఓపిక నాకు లేదని. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

తుపాకీని మొపానే చెట్టుకు ఆనించాడు. మోకాళ్లు పట్టుకుని మెల్లగా దుమ్ములో కూర్చున్నాడు. అరచేతులు గుల్లగా చేసి రెండుసార్లు చప్పట్లు కొట్టాడు. ఇరవై రెండేళ్లలో అడవిలో అలా కొట్టడం అదే మొదలు.

"సోకో, రేపటికి నా బదులు తుపాకీ పట్టడానికి ఎవర్ని పిలవమంటావు?" అని అడిగాడు.