పేరు చెప్పి తిను

“ముప్పై మంది పిల్లగాండ్లతోని పొద్దంత మాట్లాడిపిస్తవు. ఇంట్ల ఒక్క పిల్లను పలికియ్యలేవా?” అన్నాడు బిక్షపతి, అన్నం కలుపుకుంటూ. నేను ఇంకో గరిటె పప్పు వేశాను. పెళ్లయిన ఏడేళ్లలో ఇలాంటి ప్రశ్నలకు వడ్డించడం తప్ప వేరే జవాబు నాకు చేతకాలేదు.

నేను మానుకోటలో అంగన్‌వాడీ టీచర్‌ని. ఆయన కేసముద్రం మార్కెట్లో కమీషన్ మీద ధాన్యం అమ్మిపెట్టే ఒక అడ్తి దుకాణంలో గుమాస్తా, పొద్దున రైలుకు పోయి సాయంత్రం రైలుకు వస్తాడు. మా మేఘనకు నాలుగేళ్లు నిండాయి. ఇంగ్లిష్ మీడియం బడిలో వేసి ఐదు నెలలైంది. ఇప్పటిదాకా బడిలో ఒక్క మాట మాట్లాడలేదు, ఇంట్లో కూడా వేలు చూపిస్తుంది, కొంగు లాగుతుంది, అంతే. చెవుల డాక్టరుకు చూపిస్తే అంతా బాగానే వినబడుతోందన్నాడు. పోయిన వారం ప్రిన్సిపల్ మేడం మమ్మల్ని పిలిపించి, వచ్చే సోమవారం తన ముందు పాప పది మాటలైనా చెప్పాలని, లేకపోతే వేరే బడి చూసుకోమని చెప్పింది. చెబుతున్నంతసేపూ నా వైపే చూసింది. తండ్రి కూడా పక్క కుర్చీలోనే ఉన్నాడని ఆమెకు ఎందుకో తోచలేదు.

బయటికి వచ్చాక ఆయన హన్మకొండ పోయి రంగురంగుల బొమ్మల కార్డులు కొనుక్కొచ్చాడు. కౌ, హార్స్, హెన్. “రోజుకు పది చెప్పియ్యి” అని నా చేతిలో పెట్టి ఫోన్ పట్టుకున్నాడు. ఇక నా రోజు చూడండి. పొద్దున్నే వంట, ఆయన డబ్బా, పాప డబ్బా. సెంటర్లో పిల్లలను తూకం వెయ్యడం, గుడ్లు ఉడికించడం, ఆ లెక్కంతా ఫోన్లో ఎక్కించడం. మధ్యలో వాళ్లను ఆడిస్తాను. గుడ్డసంచిలో టమాట, చెంచా, తాళంచెవి వేసి, చూడకుండా చెయ్యి పెట్టి పేరు చెప్పమంటాను. తొలిరోజు గుక్కపెట్టి ఏడ్చిన పిల్లలే వారం తిరక్కముందే నా చెవులు నొచ్చేదాకా మాట్లాడతారు. ఆ ఆటంతా అక్కడే అయిపోతుంది. ఇంటికొచ్చేసరికి నా దగ్గర కార్డులు మాత్రమే మిగులుతాయి. “కౌ అను బిడ్డా, ఒక్కసారి కౌ అను” అని బతిమాలతాను, తర్వాత గదమాయిస్తాను. పాప కార్డు తిరగేసి నేలమీద పెట్టి పెదవులు బిగిస్తుంది. ఒకరోజు వీపు మీద చరిచాను కూడా. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, కానీ చరిచాను.

మా ఇంట్లో ఇంకొక మనిషి కూడా మాట్లాడదు. మా అత్త ద్వాళి. గార్ల దగ్గరి తండా నుంచి పాప పుట్టినప్పుడు వచ్చి మాతోనే ఉండిపోయింది. ఆమెకు మా లంబాడీ మాట కాక, అంగడిలో బేరమాడేంత తెలుగు మాత్రమే వచ్చు. చిన్నప్పుడు హాస్టల్లో ఆ మాట మాట్లాడితే అందరూ నవ్వారట మా ఆయనను చూసి. తన బిడ్డను చూసి ఎవరూ నవ్వొద్దని, ఇంట్లో ఆ మాట వినబడొద్దని మొదటిరోజే చెప్పాడు. “యాడీ, పిల్ల ముందర గా మాట మాట్లాడకు. ఆగమైతది” అన్నాడు తల్లితో. నేనూ తలూపాను. ఆ తర్వాత ఆమె మరచిపోయి నోరు తెరిచినప్పుడల్లా కళ్లతో ఆపింది నేనే. పిల్లలకు ఇంటి మాటతోనే మొదలుపెట్టాలని ట్రైనింగులో రాసుకున్నాను, సెంటర్‌కొచ్చే తల్లులకు చెప్పాను, నా ఇంట్లో మాత్రం ఒక ముసలామె నోరు మూయించాను.

శనివారం సాయంత్రం జొన్నపిండి కలుపుతున్నాను. నడుము పట్టేసింది. అక్కడే గోడకు ఆనుకుని కూలబడ్డాను. “అత్తా, జర రొట్టెలు మీరు చెయ్యండి” అన్నాను. ఆమె పళ్లెం ముందుకు లాక్కుంది. మేఘన పక్కన చేరింది. అత్త కొంచెం పిండి తుంచి రెండు కొమ్ములు లాగి, నాలుగు కాళ్లు నొక్కి పీట మీద నిలబెట్టింది. పాప చెయ్యి చాపింది. అత్త బొమ్మను కొంగు చాటుకు తీసి, నా వైపు భయంగా చూసింది. నాకు కళ్లతో ఆపే ఓపిక కూడా లేదు. చూడనట్టు కళ్లు మూసుకున్నాను.

“గావ్డి” అంది అత్త గుసగుసగా. ఆవు అని. బొమ్మను పెనం మీద వేసి కాల్చింది, ఊదింది, పాప నోటి దగ్గర పెట్టి వెనక్కి తీసుకుంది. పేరు చెబితేనే తినాలి, అదీ ఆట. మా అమ్మ కూడా నాతో ఇలాగే ఆడేదని నాకు అప్పుడు గుర్తొచ్చింది. పాప అత్త మోచెయ్యి పట్టుకుని ఊగింది, నవ్వింది.

“గావ్డి.”

నేను కళ్లు తెరిచాను. అప్పటికే పాప ఆవు తల కొరికేసింది. తర్వాత కోడి బొమ్మ వచ్చింది, కూక్డి అంది. గుర్రం వచ్చింది, ఘోడో అంది. నాలుగోసారి తనే పిండి తుంచి ముద్ద చేసి నాకిచ్చి, పేరు చెప్పు అన్నట్టు నా నోటి వైపు చూసింది. అదేం జంతువో నాకు తెలియలేదు. నవ్వు, ఏడుపు కలిసి వచ్చాయి.

“ఏమైతుంది ఈడ?”

బిక్షపతి గడపలో ఉన్నాడు, భుజాన డబ్బా సంచితో. “నేనేం చెప్పిన? సోమవారం మేడం ముందర గిదే మాట్లాడితే మన ఇజ్జత్ ఏమైతది?” అన్నాడు. అత్త చేతిలోని పిండిని మళ్లీ ముద్దలో కలిపేసింది. మేఘన పెదవులు బిగిశాయి. ఇన్నాళ్లు ఎక్కడెక్కడో వెతికిన రోగం నా కళ్లముందే పుట్టింది.

“యాడీ, ఇంకొకటి చెయ్యి” అన్నాను. మా మాటలోనే అన్నాను. మా ఇంట్లో నాలుగేళ్ల తర్వాత నా నోట అది వచ్చింది. అత్త కదల్లేదు, కొడుకు వైపు చూసింది.

“సుమా, నీకే చెప్తున్న” అన్నాడు ఆయన.

“ఇన్ని దినాలు పిల్ల మాట్లాడకపోతే నా తప్పన్నవు” అన్నాను. గొంతు పెంచలేదు, పెంచే బలం లేదు. “మాట్లాడింది గూడ నా తప్పే అనుకో. సోమవారం బడికి నేనొక్కదాన్నే తీస్కపోత.”

“పోయి మేడంకు ఏం చెప్తవు?”

“నా బిడ్డకు మాటలొచ్చు, మీకే రావు అని చెప్త.”