ఎనిమిది వరసల గోడ

పెద్ద వరద వచ్చిన ముప్పైనాలుగో ఏడు అది. మేస్త్రీకి సంవత్సరాలు అంకెల్లో గుర్తుండవు. చిన్న వరదకి ఆయనకింకా మీసం రాలేదు. నడిమి వరద ఏడు పెళ్ళయింది. పెద్ద వరదకి కొడుకు నాలుగు రోజుల పసిగుడ్డు. ఆ తర్వాత నది మళ్ళీ గట్టు దాటలేదు కాబట్టి, అక్కణ్ణుంచి ఒకటి, రెండు అని లెక్కపెట్టుకుంటూ వచ్చాడు.

మేస్త్రీ అంటే ఇళ్ళు కట్టే మేస్త్రీ కాదు, భూమిలో పైపులు వేసే మేస్త్రీ. మూడో తరగతితో పలక పక్కన పెట్టి పలుగు పట్టుకున్నాడు. ఊరి మీద పడ్డ వానని ఊరు దాటించి నదిలో కలపడమే ఆయన బతుకంతా చేసిన పని. తోటివాళ్ళు ఆయన్ని గడియ మేస్త్రీ అనేవాళ్ళు, నోటికి ఎప్పుడూ లోపలినుంచి గడియ వేసుంటుందని. "మీ మేస్త్రీగారేమన్నారు?" అని ఎవరైనా అడిగితే ఆయన భార్య నవ్వేది. "ఆయనేమంటారు! ఆయన వంతు మాటలు కూడా నేనే ఆడి ఆడి నా గొంతు బొంగురుపోయింది."

ఆ ఇంట్లో మేస్త్రీ నోరు కాస్తో కూస్తో విప్పేది కోడలి దగ్గరే. కోడలు ఊరి డ్రైనేజీ ఆఫీసులో ఇంజినీరు. కొత్తగా ఏ భవనం కట్టాలన్నా, దాని మీద పడ్డ వాన ఎటు పోతుందో ఎవరో గీసి పంపుతారు. అది సరిచూసి, సరిగ్గా ఉంటే సంతకం పెట్టడం, లేకపోతే తిప్పి పంపడం ఆమె ఉద్యోగం. పెళ్ళయి వచ్చిన వారానికే ఆమె, "మామయ్యా, ఆ మార్కెట్టు వెనక నేల ఎలాంటిది?" అని అడిగింది. "సుద్ద" అన్నాడాయన. ఆమె వెంటనే పుస్తకంలో రాసుకుంది. తన మాట ఒకరు రాసుకోవడం మేస్త్రీ జన్మలో అదే మొదలు. ఆ రోజు ఆయన రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడని భార్య ఇప్పటికీ చెప్తుంది.

వానలు మొదలైన నెలలో, ఒక సాయంత్రం కోడలు చంకలో కాగితాల చుట్ట పెట్టుకుని ఇంటికొచ్చింది. ఆమెకి ఏడో నెల. ఇదే ఆఖరి ఫైలు, తర్వాత సెలవు. కొడుకు బస్సు డ్రైవరు, డ్యూటీలో ఉన్నాడు. ఆమె చుట్ట విప్పి బల్ల మీద పరిచింది. ఒక మూల ఉప్పు డబ్బా, ఒక మూల మంచినీళ్ళ చెంబు, ఒక మూల మేస్త్రీ కళ్ళజోడు పెట్టె పెట్టింది. నాలుగో మూల మీద మోచెయ్యి ఆనించుకుని కూర్చుంది.

"ఇదిగో మామయ్యా, మీ పాత రోడ్డు. టైర్ల దుకాణం పక్కన ఖాళీ స్థలం లేదూ? అక్కడ బడి కడతారట."

"అదేం స్థలమమ్మా!" అంది అత్తగారు, మంచం మీద బట్టలు మడతపెడుతూ. "ఊరంతా ఇల్లు మీద ఇల్లు కట్టేశారు. అక్కడ మాత్రం కప్పలే కాపురం పెట్టాయి."

"నీళ్ళు నిలుస్తాయని ఎవరూ ముట్టుకోలేదత్తయ్యా. అందుకే బడికి దొరికింది." కోడలు పెన్సిలు తిప్పింది. "నాకు పడని సంగతి కూడా అదే. బడి కప్పు మీద నీళ్ళు, ఆటస్థలం నీళ్ళు అన్నీ ఒక కాలవలో కలిపి, గేటు దగ్గరున్న పాత మ్యాన్‌హోల్‌లోకి వదులుతామంటున్నారు. అక్కణ్ణుంచి రెండడుగుల వెడల్పు పైపు నది దాకా ఉంది. బాగానే ఉంది. మరి అంత పైపు పక్కన పెట్టుకుని, ఇన్నాళ్ళూ వాన పడ్డ వారం దాకా అక్కడ నీళ్ళెందుకు నిలుస్తున్నాయి? గీసినాయన్ని అడిగితే, బంకమట్టి అమ్మా, పీల్చదు అన్నాడు. పీల్చకపోతే జారిపోవాలిగా అన్నాను. కాలవ లేదు కాబట్టి జారలేదు, ఇప్పుడు తవ్వుతాంగా అన్నాడు. మూత తీసి చూద్దామంటే అది తారు కింద ఉంది. పెద్ద ఇంజినీరుగారేమో, రికార్డులో ఉంది కదమ్మా, రేపు పదింటికల్లా సంతకం పెట్టేసి హాయిగా సెలవు తీసుకో అంటున్నారు."

మేస్త్రీ గీతల వంక చూశాడు. అక్షరాలు కూడబలుక్కోవాలి గానీ గీతలు ఆయనకి చదువుకున్నవే. చిన్న చిన్న బాణాలు స్థలం నలుమూలల నుంచి వచ్చి ఒక గుండ్రం దగ్గర ఆగాయి. గుండ్రం నుంచి నది వైపు ఒక లావు గీత.

"మామయ్యా, ఈ పైపు వేసింది మీరే కదూ?"

"ఆఁ."

"వాలు సరిగ్గా ఇచ్చారా?"

"ఆఁ."

"అయితే నాకింక భయం లేదు. రికార్డు అబద్ధమాడొచ్చు గానీ మీరాడరు." ఆమె పెన్సిలు కింద పెట్టి నడుము వెనక్కి వాల్చింది. పొద్దుటి నుంచి బిగదీసుకున్న ముఖం కాస్త వదులైంది.

మేస్త్రీ లేచి వెళ్ళి, శుభ్రంగా ఉన్న గ్లాసునే కుళాయి కింద పెట్టి తోమడం మొదలెట్టాడు. రెండు ‘ఆఁ’లూ నిజమే. పైపు ఆయనే వేశాడు. వాలు వెంట్రుకవాసి తేడా లేకుండా ఇచ్చాడు. అయినా ఆ పిల్ల ఇప్పుడు సంతకం పెట్టబోయేది ఆయన అనని మాట మీద.

"టైర్ల దుకాణం అంటే గుర్తొచ్చింది" అని అత్తగారు అందుకుంది. ఆ ఇంట్లో అందరికీ కంఠతా వచ్చిన కథ అది. "అప్పట్లో మా అద్దె గది సరిగ్గా అక్కడే. మీ ఆయన పుట్టి నాలుగో రోజు. పట్టపగలే చీకటి కమ్మింది. నది పొంగి రోడ్డు మీదకొచ్చి, గడప దాటి గదిలోకొచ్చేసింది. మంచం కోళ్ళ కింద రెండేసి ఇటుకలు పెట్టి వెళ్ళారు ఈయన. నీళ్ళు మొదటి ఇటుక ముంచాయి. రెండోది ముంచాయి. అప్పుడు వీడు కేర్‌మన్నాడమ్మా! ఎంత గట్టిగా అంటే, నది బెదిరిపోయింది. అంతే, నీళ్ళు ఆగిపోయాయి. గంటలో వెనక్కి మళ్ళాయి."

"మా ఆయన హారన్ కొట్టడం అప్పుడే మొదలెట్టారన్నమాట" అంది కోడలు.

ఇద్దరూ నవ్వుకున్నారు. మేస్త్రీ గ్లాసు తోముతూనే ఉన్నాడు.

నది ఏ ఏడుపుకీ బెదరలేదు. నది మట్టం పెరిగి, నీళ్ళు నదిలోకి పోవాల్సిన పైపులోంచే వెనక్కి తన్నుకొచ్చి, మ్యాన్‌హోల్ నోట్లోంచి వీధిలోకి కక్కుతున్నాయని ఆ రోజు ఊళ్ళో తెలిసింది ఆయనొక్కడికే. వేసిన చేతులు కాబట్టి తెలిసింది. గోనెసంచిలో సిమెంటు, ఇసక బస్తాలు, పని బండి మీద మిగిలిన ఇటుకలు తీసుకుని మ్యాన్‌హోల్‌లోకి దిగాడు. ముందు బస్తాలు కుక్కి, ఛాతీ లోతు నీళ్ళలో నిలబడి, వాటికి ఆనించి ఇటుక మీద ఇటుక పేర్చి పైపు నోరు మూసేశాడు. పైన చంటివాడు ఏడవడం ఆయనకీ వినపడింది.

వరద తగ్గాక తీసేద్దామనే అనుకున్నాడు. కానీ ఆఫీసువాళ్ళు ఆయన చేత పదకొండు రోజులు ఊరి అవతలి బురద ఎత్తించారు. తిరిగొచ్చేసరికి రోడ్డు ఎత్తు పెంచి, మూత మీదుగా తారు పోసేశారు. అద్దె గదుల నీళ్ళకి అటువైపు కొత్త కాలవ వచ్చింది కాబట్టి, పాత పైపు సంగతి ఎవరూ అడగలేదు. అప్పటి సూపర్‌వైజరు చెప్పకుండా రాయి కదిపినా పనిలోంచి తీసేసే రకం. ఇంట్లో బాలింత, పసిగుడ్డు. రేపు చెప్దాం అనుకున్నాడు. రేపులు ఏళ్ళయ్యాయి. అటు దారి లేక స్థలంలో నీళ్ళు నిలిచాయి. నిలిచాయని ఎవరూ కట్టలేదు. ప్రతి వానకీ మేస్త్రీ గొడుగేసుకుని వెళ్ళి ఆ నీళ్ళని చూసి వచ్చేవాడు. షికారుకి వెళ్ళాడనుకునేది భార్య.

ఖాళీ నేలేగా, ఎవరికేం నష్టం, అని సర్దిచెప్పుకుంటూ వచ్చాడు ఇన్నాళ్ళూ.

గ్లాసు బోర్లించి బల్ల దగ్గరికొచ్చాడు. గుండ్రానికి అన్నిటికంటే దగ్గరగా, వరసగా నాలుగు చిన్న గళ్ళున్నాయి. వాటి మీద వేలు పెట్టాడు.

"ఇవేంటమ్మాయ్?"

"అవా? చిన్నపిల్లల గదులు మామయ్యా. మెట్లెక్కలేరని కిందే పెట్టారు. మధ్యాహ్నం పడుకోబెట్టేది కూడా అక్కడే, నేల మీద చాపలేసి."

మేస్త్రీ వేలు అక్కడే ఉండిపోయింది. కోడలు తలెత్తి చూసింది.

"మూశాను" అన్నాడు.

"ఏంటి మామయ్యా?"

"ఆ పైపు. నేనే. ఇటుకలతో."

బట్టలు మడతపెట్టే చప్పుడు ఆగింది. కోడలు కుర్చీ దగ్గరికి లాగింది. ఆయన కూర్చుని చెప్పాడు. తవ్విన మట్టి పారతో ఎత్తిపోసినట్టు, ఒక్కో మాటా విడివిడిగా, మధ్యలో ఆయాసపడుతూ చెప్పాడు. నీళ్ళు వెనక్కి రావడం. బస్తాలు. తారు. సూపర్‌వైజరు. గొడుగేసుకుని చూసి రావడం. చెప్పడం అయ్యాక రెండు చేతులూ బల్ల మీద పెట్టుకుని, ఏం పడుతుందో పడనీ అన్నట్టు తల వంచుకున్నాడు.

కోడలు పుస్తకం తెరిచింది.

"ఎన్ని వరసలు మామయ్యా?"

"ఎనిమిది."

ఆమె పెదాలు కదిపి లెక్క చూసుకుంది. "రెండడుగులకి ఎనిమిది. సరిపోయింది." రాసుకుంది. "సున్నమా, సిమెంటా?"

"సిమెంటు. ఇసక తక్కువేశాను. నిలవాలని."

"నిలిచింది" అంది కోడలు, అదీ రాసుకుంటూ. పెన్సిలు ఆగింది. "రేపు నేను సంతకం పెట్టేదాన్ని మామయ్యా."

"తెలుసమ్మా. అందుకే."

మంచం మీంచి అత్తగారు లేచొచ్చింది. చేతిలో సగం మడిచిన చొక్కా, మేస్త్రీదే. "అంటే ఏమండీ, ఆ రోజు నది దానంతటది ఆగలేదా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"ముప్పైనాలుగేళ్ళు! కనపడ్డవాళ్ళందరికీ చెప్పానే. కూరగాయలమ్మాయిక్కూడా చెప్పానే! నదిది ఎంత మంచి మనసో అని. పక్కనే కూర్చుని వింటూ, ఒక్కసారైనా కాదనలేదే మీరు!" ఆమె గొంతు తిట్టడానికి పైకి లేచింది. సగం దారిలో దానికి కాళ్ళు తడబడ్డాయి. "అంత నీళ్ళలోకి దిగారా? ఈత కూడా రాదు కదండీ మీకు."

"రాదు" అన్నాడు మేస్త్రీ.

ఆమె చొక్కాని ఆయన ఒళ్ళో పడేసి, పక్కనే కూర్చుని, మళ్ళీ ఆ చొక్కానే తీసి కళ్ళు తుడుచుకుంది. "నదికిచ్చిన మెప్పంతా వెనక్కి తీసుకుంటున్నా. ఈ మనిషికిద్దామంటే పుచ్చుకోవడం కూడా రాదు" అంది కోడలితో.

కోడలు ఆవిడ వీపు మీద చెయ్యి వేసి నిమిరింది. తర్వాత మామగారి వైపు తిరిగింది. "మామయ్యా, ఒక ఇబ్బందుంది. పైపు మూసి ఉందని రాస్తే, ఎవరు చెప్పారంటారు. ఎవరో అన్నారంటే పక్కన పడేస్తారు. పేరు రాయాలి. మీరు వద్దంటే ఇంకో దారి వెతుకుతాను. మీ పాతవాళ్ళందరికీ తెలుస్తుంది మరి."

ఆఫీసులో ఆయన కింద పని నేర్చుకున్నవాళ్ళు ఇంకా ఉన్నారు. గడియ మేస్త్రీ వేసిన పైపుకి తిరుగులేదని కొత్తవాళ్ళకి చెప్తుంటారు.

"రాయి" అన్నాడు. ఆమె పెన్సిలు ఆనించేలోగా, "ఇంకోటి" అన్నాడు.

తనంతట తాను ఆయన ఇంకోటి అనడం ఆ ఇంట్లో ఎప్పుడూ లేదు. ఆడవాళ్ళిద్దరూ ఆయన వంకే చూశారు.

"గోడ తీసి ఊరుకుంటే మళ్ళీ వరదకి అదే కథ. నది వెనక్కొస్తుంది. ఈసారి బళ్ళోకి." ఎడమ చెయ్యి గుండ్రంగా ముడిచి పైపులా పట్టాడు. కుడి అరచెయ్యి దాని ముందు వేలాడదీశాడు. "పైపుకి నది వైపు చివర ఒక రేకు తలుపు. పైన మడతబందులు, కింద వదులు. నీళ్ళు పోయేటప్పుడు తోసుకుని పోతాయి." అరచెయ్యి లేచింది. "వచ్చేటప్పుడు వాటి బరువుకే మూసుకుంటుంది." అరచెయ్యి పిడికిలికి అతుక్కుంది. "ఆ తలుపు మూసుకున్నంతసేపు బడి మీద పడ్డ వాన ఆగడానికి చోటు కావాలి. ఆటస్థలం ఒక మూల మూడడుగులు తవ్వితే చాలు. చుట్టూ కంచె వెయ్యాలి, పిల్లలు కదా." ఆగి ఊపిరి తీసుకున్నాడు. "ఇది తట్టి చాలా కాలమైంది. చెప్తే, ఎందుకు తట్టిందంటారని."

కోడలు గబగబా రాసింది. మధ్యలో ఒకసారి కడుపు మీద చెయ్యి పెట్టుకుని చిన్నగా నవ్వింది. "వీడు కూడా వింటున్నాడు మామయ్యా. తలుపు మాట దగ్గర తన్నాడు."

చివర్లో పుస్తకం ఆయన ముందుకి జరిపింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, పేరులో ఒక్కో అక్షరాన్నీ ఇటుక పేర్చినట్టు పేర్చాడు.

మర్నాడు తెల్లవారాక మేస్త్రీ టేపు, సుద్దముక్క, గొడుగు తీసుకుని ఎవరికీ చెప్పకుండా బయల్దేరాడు. టైర్ల దుకాణం ఇంకా తెరవలేదు. దాని మూల స్తంభం నుంచి స్థలం వైపు పదకొండడుగులు కొలిచాడు. వంగి తారు మీద బండి చక్రమంత గుండ్రం గీశాడు. చినుకులు పడుతున్నాయి, సుద్ద చెరిగిపోతుందేమోనని గొడుగు దాని మీదకి పట్టి, గుండ్రం మధ్యలో నిలబడ్డాడు. సైకిళ్ళు, ఆటోలు ఆయన్ని తప్పించుకుని, తిట్టుకుంటూ పోయాయి.

తొమ్మిదిన్నరకి ఆఫీసు బండి వచ్చింది. ముందు సీట్లోంచి కోడలు దిగింది. వెనక నుంచి పలుగులు పట్టుకుని నలుగురు పనివాళ్ళు దిగారు. అందులో పెద్దవాడు ఆయన దగ్గర పని నేర్చుకున్నవాడే. "ఏంటి మేస్త్రీ, వానలో ఇక్కడ నిలబడ్డారు?" అన్నాడు.

కోడలు నోరు తెరవబోయింది. మేస్త్రీ చెయ్యెత్తి ఆపాడు.

"ఇక్కడ తవ్వండి" అన్నాడు, రోడ్డుకి అవతలివాళ్ళకి కూడా వినపడేలా. "కింద పైపుకి గోడుంది. ఎనిమిది వరసలు. నేనే కట్టాను."

గుండ్రంలోంచి ఇవతలికొచ్చి, గొడుగు కోడలి తల మీద పట్టి, పలుగు కోసం చెయ్యి చాపాడు.